డిజైనర్లకు ఆలోచనలు ఎక్కడి నుంచి వస్తాయి? మొదటి గీతకు ముందు మీరు దేన్ని చూస్తారు?

కొత్తకుంచె:

అందరికీ నమస్కారం. గ్రాఫిక్ డిజైన్ వృత్తిలోకి వచ్చి నాకు ఎంతో కాలం కాలేదు. లోగోలు, ప్యాకింగ్ డిజైన్లు, అప్పుడప్పుడు పుస్తకాల ముఖచిత్రాలు చేస్తుంటాను. క్లయింట్ బ్రీఫ్ (ఏం కావాలో చెప్పే పత్రం) చేతికి రాగానే ఇతరుల పనులు కనిపించే పిన్‌ట్రెస్ట్, బిహాన్స్, డ్రిబుల్ వంటి ఆన్‌లైన్ గ్యాలరీలు తెరిచి, నచ్చినవన్నీ ఒక మూడ్ బోర్డులో పేర్చుకొని, ఆ తర్వాత స్కెచ్ మొదలుపెట్టడం నేను పనిచేసే చోట అందరూ అనుసరించే పద్ధతి. పని గడువులోగా పూర్తవుతుంది, క్లయింట్లు కూడా అభ్యంతరం చెప్పరు. కానీ అందరం ఒకే చోట వెతుకుతున్నందువల్ల కాబోలు, మా చేతుల మీదుగా వెళ్ళిన డిజైన్లను పక్కపక్కన పెట్టి చూస్తే తేనె సీసా లేబులుకూ సబ్బు పెట్టెకూ మధ్య రంగు తప్ప వేరే తేడా కనిపించడం లేదు.

ఇక్కడ ఎన్నో ఏళ్ళుగా పనిచేస్తున్నవారు ఉన్నారు కనుక అడుగుతున్నాను. ప్రకృతి నుంచి స్ఫూర్తి పొందాలని, మ్యూజియాలకు వెళ్ళాలని, ప్రయాణాలు చేయాలని చాలామంది చెబుతారు గానీ, చూసినదానికీ చేసే పనికీ మధ్య దారి ఎలా ఏర్పడుతుందో ఎవరూ విప్పి చెప్పరు. నాకు కావలసింది ఆ వివరమే.

కొలబద్ద:

కొత్తకుంచె గారూ, మీరు గమనించినది మీ ఒక్క ఆఫీసు సంగతి కాదు. 1991లో జాన్సన్, స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు సరిగ్గా దీని మీదే ప్రయోగాలు చేసి ఫలితాలు ప్రచురించారు. ఒక బృందానికి డిజైన్ సమస్యను మాత్రమే ఇచ్చి, మరో బృందానికి అదే సమస్యతో పాటు ఒక నమూనా పరిష్కారాన్ని కూడా చూపించారు. కారుకు సైకిళ్ళు తగిలించే స్టాండు, చూపు లేనివారు వాడగలిగే కొలపాత్ర, ఒలకని కాఫీ కప్పు వంటివి ఆ సమస్యలు. నమూనా చూసినవారి స్కెచ్‌లలో దాని లక్షణాలు మళ్ళీ మళ్ళీ కనిపించాయి, దానిలోని లోపాలతో సహా. కాఫీ కప్పుకు స్ట్రా వాడకూడదని ముందే స్పష్టంగా చెప్పినప్పటికీ, నమూనాలో ఉన్న స్ట్రా వారి గీతల్లోకి వచ్చి చేరింది.

అంటే పూర్తయిన పనిని ముందుగా చూడడం వల్ల వచ్చే నష్టం ఎవరి బద్ధకానికీ సంబంధించినది కాదు. శ్రద్ధగా పనిచేసేవారి కంటికి కూడా ఒకసారి కనిపించిన పరిష్కారం సమస్యలో భాగంగా మారిపోతుంది. అందుచేత నేను గ్యాలరీలను పూర్తిగా మానలేదు గానీ, వాటి స్థానాన్ని మార్చాను. మొదట బ్రీఫ్ చదివి, ఆ వస్తువును ఎవరు ఏ చేత్తో పట్టుకుంటారు, ఎక్కడ పెడతారు, ఎలా పాడవుతుంది అన్నవి కాగితం మీద రాసుకొని, ఎదుట ఏ బొమ్మా లేకుండా కొన్ని రఫ్ స్కెచ్‌లు వేస్తాను. అవి ఎంత వికారంగా ఉన్నా సరే, నావంటూ కొన్ని చేతిలో ఉన్న తర్వాతే ఇతరులు ఏం చేశారో చూస్తాను. అప్పుడు చూసేది పోల్చుకోవడానికి పనికొస్తుంది.

అక్షరశిల్పి:

కొలబద్ద గారి మాటతో సగం ఏకీభవిస్తాను. ఇతరుల పనిని ఆలస్యంగా చూడాలనడం వస్తువులు రూపొందించేవారికి సరిపోతుందేమో గానీ, అక్షరాలు గీసే నా వంటివారికి పాత పని చూడకుండా ఒక్క అడుగు కూడా ముందుకు పడదు. చదివేవాడి కన్ను ఇప్పటికే కొన్ని రూపాలకు అలవాటు పడి ఉంటుంది. ఆ అలవాటును తెలుసుకోకుండా గీసిన అక్షరం కొత్తగా ఉంటుంది గానీ చదవడానికి రాదు. కాబట్టి చూడాలా వద్దా అన్నది ప్రశ్న కాదని నా అభిప్రాయం. ఎంత లోతుగా చూస్తున్నాం అన్నదే అసలు సంగతి.

ఒక ఉదాహరణ చెబుతాను. రోమ్ నగరంలో క్రీ.శ. 113లో నిర్మించిన ట్రాజన్ స్తంభం పీఠం మీద చెక్కిన శాసనాన్ని తరతరాల అక్షర రూపకర్తలు ఆదర్శంగా తీసుకున్నారు. 1989లో కేరల్ ట్వాంబ్లీ అడోబీ సంస్థ కోసం రూపొందించిన ట్రాజన్ ఫాంట్‌కు కూడా అదే మూలం. ఆ అక్షరాల గీతల్లో లావు సన్నాలు ఎందుకు వచ్చాయి, కొనలు ఎందుకు అలా విచ్చుకున్నాయి అన్న ప్రశ్నకు చాలాకాలం ఉలినే కారణంగా చెప్పేవారు. ఎడ్వర్డ్ కాటిచ్ అనే మతాచార్యుడు యవ్వనంలో సైన్ బోర్డులు రాసిన అనుభవం ఉన్నవాడు కావడంతో, ఆ శాసనాన్ని దగ్గరగా పరిశీలించినప్పుడు అందులో చదును కుంచె కదలికను గుర్తుపట్టి, రాతి మీద ముందు కుంచెతో రాసి ఆ తర్వాతే చెక్కారని వాదించాడు. శాసనాన్ని ఫొటోలో చూసి నకలు చేసేవాడికి దొరికేది అందులో ఉన్న పందొమ్మిది రకాల అక్షరాలు మాత్రమే. కుంచె ఏ కోణంలో పట్టుకుంటే ఆ వంపు వస్తుందో తెలుసుకున్నవాడు ఆ శాసనంలో లేని అక్షరాన్ని కూడా గీయగలడు. మీరు అడిగిన దారి నాకు తెలిసినంతవరకు ఇదే.

తెరవెనుక:

నేను యాప్‌ల డిజైన్ చేస్తాను. నా అనుభవంలో ఆలోచనలు ఎక్కువగా మనుషుల చేతుల నుంచి వస్తాయి. వారి మాటల మీద నాకు అంత నమ్మకం లేదు, ఎందుకంటే ఏం కావాలని అడిగితే జనం తాము ఇంతకుముందు చూసినదాన్నే చెబుతారు.

మందులు వేళకు వేసుకోవడానికి గుర్తుచేసే ఒక యాప్ మీద పనిచేస్తున్నప్పుడు, రోజూ నాలుగైదు రకాల మాత్రలు వేసుకునే ఒక పెద్దాయన పక్కన కూర్చొని చూశాను. ఆయన మాత్రల పట్టీ నుంచి మాత్రను ఎప్పుడూ ఒకే మూల నుంచి, వరుస తప్పకుండా తీసేవారు. ఖాళీ అయిన గడి రేకును చించి పారేయకుండా లోపలికి నొక్కి ఉంచేవారు. పొద్దుటి మాత్ర వేసుకున్నానా లేదా అనే అనుమానం వచ్చినప్పుడల్లా కళ్ళజోడు కోసం కూడా వెతక్కుండా, బొటనవేలితో ఆ పట్టీని తడిమి, గుంట పడిన గడులను బట్టి తెలుసుకునేవారు. అప్పటికి మా స్క్రీన్ మీద వేసుకున్న మాత్ర జాబితా నుంచి మాయమయ్యేలా గీసి ఉంది. ఆయనకు అవసరమైనది సరిగ్గా ఆ ఖాళీ గడే. వేసుకున్న మాత్ర స్థానంలోనే ఒక గుంట మిగిలేలా స్క్రీన్‌ను మళ్ళీ గీశాం. ఆ ఆలోచన ఏ గ్యాలరీలోనూ దొరికేది కాదు, ఆయనను అడిగినా చెప్పేవారు కాదు, ఎందుకంటే అలా తడుముతున్నానని ఆయనకే తెలియదు.

ఇదే కోవలో బాగా తెలిసిన ఉదాహరణ ఓక్సో వంటింటి పరికరాలు. కీళ్ళనొప్పులున్న భార్య బెట్సీ తొక్క తీసే పీలర్ పట్టుకోవడానికి ఇబ్బంది పడడం చూసిన సామ్ ఫార్బర్, లావుపాటి రబ్బరు పిడితో కొత్త పరికరాల వరుసను 1990లో మార్కెట్లోకి తెచ్చారు. నొప్పి ఉన్నవారి కోసం ఆలోచించిన పిడి నొప్పి లేనివారికి కూడా హాయిగా ఉండడం వల్లనే అది అంతగా నిలబడింది.

నేతగీతలు:

వస్త్రాల మీద డిజైన్లు వేసే వృత్తి నాది. ప్రకృతి గురించి అడిగారు కనుక ఆ సంగతి చెబుతాను. ప్రకృతి నుంచి స్ఫూర్తి అనగానే ఆకునో పువ్వునో తీసుకొచ్చి గుడ్డ మీద అతికించడం తేలిక, అందువల్లనే ఆ మాట అరిగిపోయింది. ఇంగ్లండ్ డిజైనర్ విలియం మోరిస్ 1883లో చేసిన స్ట్రాబెర్రీ థీఫ్ అనే డిజైన్‌ను చూడండి. తన పల్లెటూరి ఇంటి తోటలో పక్షులు స్ట్రాబెర్రీ పళ్ళు దొంగిలించడం చూసి వేసిన డిజైన్ అది. అంతవరకు అందరూ చెబుతారు. అయితే తోటలో పక్షులను చూసినవారు ఆ కాలంలో లక్షలమంది ఉంటారు. మోరిస్ అప్పటికే మ్యూజియంలోని పాత నేతలను గంటల తరబడి పరిశీలించి, ఒక నమూనా మళ్ళీ మళ్ళీ వచ్చినప్పుడు అతుకు కనిపించకుండా ఎలా ఉంచాలో నేర్చుకున్నాడు. నీలిమందులో గుడ్డనంతా ముంచి, కావలసిన చోట రంగును తొలగించి అచ్చువేసే కష్టమైన పద్ధతిని పట్టుబట్టి సాధించాడు. ఆ ముదురు నీలం నేపథ్యం లేకపోతే ఆ పక్షులు అంత స్పష్టంగా పలికేవి కావు. తోట, మ్యూజియం, రంగుల తొట్టి మూడూ కలిసిన చోట ఆ డిజైన్ పుట్టింది. వాటిలో ఏ ఒక్కదాన్ని మూలమని చెప్పినా మిగిలిన రెండింటికీ అన్యాయం చేసినట్టే.

మోరిస్ కన్నా ముందే, 1856లో, ఓవెన్ జోన్స్ ప్రపంచంలోని అలంకార శైలులన్నింటినీ ఒక పెద్ద గ్రంథంగా కూర్చాడు. దాన్ని నకళ్ళ భాండాగారంగా వాడుకుంటారని ఆయనకు భయం ఉండేది. గతకాలపు పనుల్లోని సూత్రాలు మనవి గానీ, వాటి ఫలితాలు మనవి కావని అందులోనే హెచ్చరించాడు. మూడ్ బోర్డు తయారుచేసే ప్రతిసారీ నేను ఈ మాటను తలచుకుంటాను.

కొలబద్ద:

నేతగీతలు గారు చెప్పినది ఇంజినీరింగ్‌లో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. జపాన్‌లో 1997లో సేవలు మొదలుపెట్టిన 500 సిరీస్ షింకాన్‌సెన్ రైలు సంగతి తీసుకోండి. గంటకు 300 కిలోమీటర్ల వేగంతో రైలు ఇరుకు సొరంగంలోకి దూసుకెళ్ళినప్పుడు ముందున్న గాలి ఒత్తుకుపోయి, ఆ ఒత్తిడి తరంగం అవతలి ముఖద్వారం దగ్గర పేలుడు వంటి చప్పుడుగా బయటపడి, చుట్టుపక్కల నివసించేవారిని ఇబ్బంది పెడుతుంది. ఆ సమస్య మీద పనిచేస్తున్న ఇంజినీర్ ఎయిజీ నాకాత్సుకు పక్షులను గమనించడం అభిరుచి. తక్కువ నిరోధం ఉన్న గాలి నుంచి ఎక్కువ నిరోధం ఉన్న నీటిలోకి దాదాపు నీళ్ళు చిందకుండా దూకే లకుముకిపిట్ట ఆయనకు తట్టింది. రైలు ముక్కును దాని ముక్కులా పొడవుగా, సుమారు 15 మీటర్ల వరకు సాగదీశారు. రెండుచోట్లా ఉన్న కష్టం ఒకటే అని గుర్తించడం ఇక్కడి కీలకం. పిట్ట అందంగా ఉందని రైలుకు దాని రంగులు వేసి ఉంటే చప్పుడు ఏమాత్రం తగ్గేది కాదు.

ఇందులో మీకు ఉపయోగపడే విషయం మరొకటి ఉంది. నాకాత్సు పక్షులను చూడడం రైలు కోసం మొదలుపెట్టలేదు. సమస్య ఎదురయ్యేనాటికే ఆ జ్ఞానం ఆయన దగ్గర సిద్ధంగా ఉంది. వృత్తికి సంబంధం లేని ఒక విషయాన్ని దానికోసమే, లోతుగా తెలుసుకోవడం డిజైనర్‌కు వృథా ఖర్చు కాదని నేను గట్టిగా నమ్ముతాను.

కొత్తకుంచె:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. చదువుతున్నకొద్దీ రెండు సందేహాలు కలిగాయి. మొదటిది, రైలుకూ యాప్‌కూ సమయం దొరుకుతుంది. వారంలో లోగో కావాలని అడిగే క్లయింట్ దగ్గర పక్షులను చూస్తూ కూర్చోలేం కదా? రెండవది, స్ఫూర్తి ఎక్కడ ముగిసి అనుకరణ ఎక్కడ మొదలవుతుంది? తెలియకుండానే ఎవరి పనినో పోలిన డిజైన్ చేస్తానేమోనన్న భయం నన్ను తరచుగా వెంటాడుతుంది.

అక్షరశిల్పి:

రెండవదానికి ముందు చెబుతాను. టోక్యో ఒలింపిక్స్ కోసం 2015 జూలైలో ఆవిష్కరించిన చిహ్నం బెల్జియంలోని ఒక నాటకశాల లోగోను పోలి ఉందన్న వివాదం రేగింది. రూపకర్త అనుకరణ ఆరోపణను ఖండించినా, నిర్వాహకులు సెప్టెంబరులో దాన్ని ఉపసంహరించి, మళ్ళీ కొత్తగా ఎంట్రీలను ఆహ్వానించవలసి వచ్చింది. ఒక నిలువు పట్టీ, రెండు వంపులు, ఒక వృత్తం వంటి సరళమైన ఆకారాలతో పనిచేసేటప్పుడు ఒకరినొకరు చూడకుండానే ఇద్దరు ఒకే రూపానికి చేరుకునే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అందువల్ల రెండు జాగ్రత్తలు చెబుతాను. డిజైన్ ఖరారు చేసేముందు దాని బొమ్మతోనే ఇంటర్నెట్‌లో వెతికి, పోలికలున్న లోగోలేమైనా ఉన్నాయేమో తప్పక చూడాలి. మొదటి గీత నుంచి చివరి రూపం వరకు అన్ని రఫ్‌లనూ తేదీలతో దాచుకోవాలి. ఆ వరుసను చూపించగలిగినవాడికి తన పని ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి కష్టం ఉండదు.

అనుకరణ గురించి నాకున్న కొలత ఒక్కటే. ఏ పని నుంచి తీసుకున్నానో దాని రూపకర్త ముందు నిలబడి చెప్పగలనా అని నన్ను నేను ప్రశ్నించుకుంటాను. ఫ్యాషన్ డిజైనర్ ఈవ్ సాన్ లోరాన్ 1965లో చిత్రకారుడు మోండ్రియన్ చిత్రాల గీతలతో గౌనులు చేసినప్పుడు మూలం ఎవరిదో దాచలేదు. పైగా ఆ నల్లగీతల వెంబడే గుడ్డముక్కల అతుకులు కనిపించకుండా కుట్టించి, చదునైన బొమ్మను శరీరం మీద నిలబెట్టే కొత్త సమస్యను పరిష్కరించాడు. అంత బహిరంగంగా, అంత అదనపు శ్రమతో తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఇవాళ బతికున్న ఒక చిన్న డిజైనర్ పోర్ట్‌ఫోలియో నుంచి నిశ్శబ్దంగా తీసుకోవడం మాత్రం నాకు క్షమించదగినదిగా అనిపించదు.

సమయం లేదన్న మొదటి సందేహానికి ఒక మాట. ప్రాజెక్టు వచ్చిన తర్వాత వెతకడం మొదలుపెడితే ఎప్పుడూ సమయం ఉండదు. 1984లో విడుదలైన మెకింటాష్ కంప్యూటర్‌కు ఐకాన్లు గీసిన సూజన్ కేర్, 32 నిలువు, 32 అడ్డం గడుల్లోనే ప్రతి బొమ్మనూ ఇమడ్చవలసి వచ్చినప్పుడు, గళ్ళ కాగితం మీద గడులు నింపుతూ పనిచేశారు. మొజాయిక్, గళ్ళ గుడ్డ మీద కుట్టు వంటి పనులు ఆమెకు ముందే పరిచయం. ఆ కంప్యూటర్ కీబోర్డులోని కమాండ్ మీటకు గుర్తు కావలసినప్పుడు, చిహ్నాల నిఘంటువు తిరగేసి, స్వీడన్‌లో చూడదగిన ప్రదేశాలను సూచించే గుర్తును ఎంచుకున్నారు. ఏ పుస్తకం తెరవాలో తెలిసి ఉండడం కూడా పూర్వసాధనే. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో మూడున్నర లక్షలకు పైగా చిత్రాలను, అమెరికాలోని మ్యూజియాల సంస్థ స్మిత్సోనియన్ 2020లో సుమారు 28 లక్షల చిత్రాలను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేశాయి. పనిలేని రోజుల్లో ఏదో ఒక్క విభాగాన్ని, పాత తాళాలనో విత్తనాల చిత్రాలనో ఎంచుకొని, ఓపికగా చూస్తూ వెళ్ళండి.

తెరవెనుక:

వారంలో ఇవ్వవలసిన లోగోకు కూడా ఒక పూట క్లయింట్ పనిచేసే చోటికి వెళ్ళి కూర్చోవచ్చు. ఆ పూట మూడ్ బోర్డుకు వెచ్చించే సమయం కన్నా ఎక్కువేమీ కాదు.

రేఖాగణితం:

ఇంతవరకు చూడడం గురించే చర్చ జరిగింది. వదిలేయడం గురించి కూడా ఎవరైనా చెప్పాలనిపించి రాస్తున్నాను. ఐ లవ్ న్యూయార్క్ అన్న సుప్రసిద్ధ చిహ్నాన్ని డిజైనర్ మిల్టన్ గ్లేజర్ 1970లలో టాక్సీలో వెళ్తూ ఎర్ర క్రేయాన్‌తో గీశాడన్నది చాలామందికి తెలిసిన కథ. ఆ చిన్న కాగితం ఇప్పుడు న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. కథలో తరచుగా వదిలేసే భాగం ఏమిటంటే, అప్పటికే ఆయన మరో డిజైన్ ఇచ్చి, దానికి ఆమోదం కూడా వచ్చింది. అయినా మనసు ఆ సమస్యను విడిచిపెట్టలేదు. 1926లోనే గ్రాహం వాలస్ సృజన ప్రక్రియను సన్నాహం, లోపల నానడం, తట్టడం, పరీక్షించుకోవడం అని నాలుగు దశలుగా వివరించాడు. టాక్సీలో కనిపించేది మూడవ దశ మాత్రమే. మొదటి రెండూ లేకుండా టాక్సీ ఎక్కితే గమ్యం తప్ప ఏమీ దొరకదు.

పరిమితులను కూడా వనరుగా చూడమని కోరుతున్నాను. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో చార్లెస్, రే ఈమ్స్ అనే డిజైనర్ దంపతులు అమెరికా నౌకాదళం కోసం ప్లైవుడ్‌ను కాలి ఆకారంలో వంచి, విరిగిన కాళ్ళకు కట్టే దబ్బలు తయారుచేశారు. ప్లైవుడ్‌ను ఒకేసారి రెండు దిక్కులా వంచితే పగుళ్ళు వస్తాయి. ఆ ఒత్తిడి తగ్గడానికి వదిలిన సందులే కట్టు గుడ్డను దూర్చడానికి కూడా పనికొచ్చాయి. యుద్ధం తర్వాత కుర్చీ చేసేటప్పుడు కూర్చునే భాగం, వీపు ఆనించే భాగం కలిపి ఒకే పలకగా వంచితే మలుపు దగ్గర విరిగేది కనుక రెండింటినీ విడదీశారు. ఇప్పుడు అందరూ మెచ్చుకునే ఆ కుర్చీ రూపం, ఆ పదార్థం ఒప్పుకోనిదాన్ని గౌరవించడం వల్ల వచ్చింది. క్లయింట్ రెండే రంగులు వాడమన్నప్పుడో, కాగితం పలచగా ఉందన్నప్పుడో మనం విసుక్కుంటాం. నేనైతే ఆ షరతును పేజీ మధ్యలో పెద్దక్షరాలతో రాసి, దాని చుట్టూ గీయడం మొదలుపెడతాను.

కొత్తకుంచె:

మీ సలహాలతో ఒక పని పూర్తిచేశాను. కూరగాయల విత్తనాల పొట్లాలకు డిజైన్ కావాలని ఒక క్లయింట్ అడిగారు. తెరవెనుక గారు చెప్పినట్టు, ఇళ్ళలో మొక్కలు పెంచే కొందరి దగ్గర కూర్చొని పొట్లాలను ఎలా వాడుతున్నారో చూశాను. ఎవరూ పొట్లం మొత్తం ఒకేసారి వాడరు. పైభాగం చించి, కొన్ని గింజలు అరచేతిలో పోసుకొని, మిగిలినవి పోకుండా చించిన అంచును రెండు మూడు మడతలు పెట్టి క్లిప్పు పెడతారు. ఆ మడతలో కూరగాయ పేరు, దాని బొమ్మ సగానికి పైగా మూసుకుపోతాయి. మరుసటి ఋతువుకు ఏ పొట్లంలో ఏముందో తెలియక, మళ్ళీ విప్పి గింజలు చూస్తారు.

అందుకని పై మూడోవంతును చించి మడవడానికే వదిలేసి, అక్కడ అడ్డంగా మూడు మడత గీతలు మాత్రం వేశాను. పేరు, విత్తే నెలలు కింది సగంలోకి దిగాయి. బొమ్మ స్థానంలో గింజ అసలు పరిమాణంలో, ఎంత లోతున నాటాలో అంత లోతున, నేల గీతకు కింద కనిపించేలా గీశాను. క్లయింట్ రెండే రంగులు ఇచ్చారు కనుక నేల ఒక రంగు, గింజ ఒక రంగు అయ్యాయి. గ్యాలరీలను చివర్లో చూస్తే నా పొట్లాన్ని పోలినది కనిపించలేదు. ఒక ఇబ్బంది మాత్రం మిగిలింది. ముల్లంగి, క్యాబేజీ గింజలు అసలు పరిమాణంలో గీస్తే దాదాపు ఒకేలా ఉంటున్నాయి. వాటిని పెద్దవి చేస్తే కొలత అబద్ధమవుతుంది. ఏం చేయమంటారు?

నేతగీతలు:

కొలత మార్చకండి, అదే మీ డిజైన్‌కు ప్రాణం. గింజ పక్కనే నేల గీతకు పైన మొదటి మొలక ఆకులు ఎలా ఉంటాయో చూడండి. చాలా కూరగాయలకు మొదట వచ్చే రెండాకులు కూడా దగ్గర పోలికతోనే ఉంటాయి, కాబట్టి ఆ తర్వాత వచ్చే మూడో ఆకు వరకు గీయవలసి వస్తుంది. ముల్లంగి మూడో ఆకు అంచు గరుకుగా ఉంటుంది, క్యాబేజీది నునుపు. విత్తినవారికి కలుపు మొక్క ఏదో, తమ మొక్క ఏదో పోల్చుకోవడానికి కూడా ఆ ఆకే కావాలి.

అక్షరశిల్పి:

పేరును కింది సగంలో పెట్టానన్నారు. తడిచేత్తో పట్టుకునేది కూడా ఆ సగాన్నే కదా. అచ్చుకు పంపేముందు ఒక నమూనా పొట్లాన్ని మట్టి చేత్తో కొంతసేపు వాడి, సన్న గీతలున్న అక్షరాలు నిలుస్తున్నాయో లేదో చూసి, ఫాంట్ అప్పుడు ఖరారు చేయండి. ఆ మరకలు పడిన నమూనా ఫొటో ఇక్కడ పెడితే అక్షరాల మందం గురించి మాట్లాడుకుందాం.